ఫోనులో పలికేది ఎవరు?

ప్రతి ఆదివారం పొద్దున్న ఎనిమిది గంటలకు మా యింట్లో సంగీత పాఠం జరుగుతుంది. శిష్యురాలు మా అమ్మాయి, పదకొండేళ్లది. గురువు మా అమ్మ, డెబ్భై రెండేళ్లావిడ. గురువుగారు వుండేది రామచంద్రపురంలో, శిష్యురాలు వుండేది విజయవాడలో. యిద్దరికీ మధ్య వున్నది ఒక ఫోను.

ఆ మధ్య ఒక ఆదివారం యీ పాఠం కాస్తా తగాదాగా మారింది. మా అమ్మాయి శ్రుతిపెట్టె మోగించుకుని, ఫోనును బల్లమీద ఎదురుగా నిలబెట్టి, మోహన వర్ణం ఎత్తుకుంది. పల్లవి సగంలో వుండగానే అవతలనుంచి మా అమ్మ గొంతు ఖంగున మోగింది.

"ఆపు! శ్రుతి ఏదే? శ్రుతి లేకుండా పాడవద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"వుంది మామ్మా! మోగుతూనే వుంది."

"నాకు చెవులు లేవనుకున్నావా? మొదట ఒక్క క్షణం వినిపించింది. ఆ తరువాత కట్టేశావు."

"కట్టలేదు మామ్మా, ఒట్టు!"

"సంగీతం రాకపోయినా ఫరవాలేదు గాని, అబద్ధాలాడడం మాత్రం నేర్చుకోకు."

అంతే. మా అమ్మాయి కళ్లనిండా నీళ్లు. పాఠం ఆగిపోయింది. రెండో ఆదివారం "నేను మామ్మతో మాట్లాడను" అని భీష్మించుకుని కూర్చుంది.

నేను పక్క గదిలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ శ్రుతిపెట్టె మోగడం నా చెవులతో విన్నాను. అంచేత మా అమ్మాయి అబద్ధమాడలేదు. నలభై యేళ్లు పిల్లలకు సంగీతం చెప్పిన మా అమ్మ చెవులు పొరబడతాయని అనుకోవడానికీ లేదు. యిద్దరూ నిజమే చెబుతున్నప్పుడు అబద్ధమాడినవారు మూడోవారు ఎవరో వుండాలి. ఆ గదిలో వున్న మూడోది ఆ ఫోను ఒక్కటే.

మర్నాడు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పే మా మాస్టారి దగ్గర యీ గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన నవ్వి, "ఫోను అబద్ధమాడలేదండీ! మీ అమ్మాయి గొంతు శుభ్రంగా పంపాలని, శ్రుతిని పనికిరాని చప్పుడనుకుని ఏరి పారేసింది. అసలు మీరు ఫోనులో వినేది మనిషి గొంతే అనుకుంటున్నారా?" అన్నారు.

"మరేమిటి?"

"గొంతు కాదు. ఆ గొంతును తిరిగి తయారు చేసుకునే విధానం రాసిన చీటీ. ఆ చీటీ చూసుకుని మీ ఫోనే పలుకుతుంది."

నేను తెలుగు ఎం.ఏ. వాణ్ణి. నాకు లెక్కలంటే చిన్నప్పటినుంచీ భయం. అయినా ఆ మాట విన్న తరువాత నిద్ర పట్టలేదు. నెల్లాళ్లపాటు ఆయన వెంటబడి, నాకు తలకెక్కేలా చెప్పించుకున్నాను. యింత చిత్రమైన సంగతి మనందరి చేతుల్లోనూ వుండగా నేనొక్కణ్ణే తెలుసుకుని వూరుకోవడం భావ్యం కాదని మీకు చెబుతున్నాను.

సెకండుకు అరవై నాలుగు వేలు

వెనకటి టెలిఫోనులో మాట విద్యుత్తరంగంగా మారి తీగ వెంట అలాగే పోయేది. యిప్పుడు పోయేవి అంకెలు. ఆస్పత్రిలో నర్సు నాలుగేసి గంటల కొకసారి జ్వరం చూసి పట్టికలో చుక్క పెడుతుంది కదా? ఆ చుక్కలు కలిపితే జ్వరం నడక తెలిసిపోతుంది. గొంతు తరంగాన్ని కూడా అలాగే కొలుస్తారు. కాకపోతే నాలుగు గంటల కొకసారి కాదు. సెకండుకు 8,000 సార్లు. కొలిచిన ప్రతిసారీ ఎనిమిది బిట్లు రాస్తారు. బిట్టంటే "అవును, కాదు" అనే రెండింటిలో ఒక జవాబు. ఎనిమిది వేలను ఎనిమిదితో హెచ్చిస్తే సెకండుకు 64,000 బిట్లు. యీ ఆలోచనకు ఆద్యుడు అలెక్ రీవ్స్ అనే బ్రిటిష్ యింజనీరు. పారిస్‌లో పనిచేస్తూ 1938లో పేటెంటు కోరాడు.

యిందులోనే ఒక పొదుపు వుంది. బంగారం తూచే త్రాసు వేరు, కట్టెలు తూచే కాటా వేరు. బంగారంలో గురిగింజెత్తు తేడా వచ్చినా ప్రాణం పోతుంది. కట్టెల్లో శేరు తేడా వచ్చినా ఎవరూ పట్టించుకోరు. మన చెవీ అంతే. మెల్లని చప్పుడులో చిన్న తేడానైనా పడుతుంది. పెద్ద చప్పుడులో అంత తేడాను పట్టదు. అందుకని మెల్లని ధ్వనులకు దగ్గర దగ్గర గీతలున్న కొలబద్ద, గట్టి ధ్వనులకు ఎడంగా గీతలున్న కొలబద్ద వాడతారు. యీ పొదుపు చేసిన తరువాతే లెక్క 64,000కు వచ్చింది.

తీగల మీద పంపడానికి యిది బాగానే వుంది. సెల్‌ఫోనుకు తీగ లేదు. ఒక్కొక్క టవరు కింద వందలాది మంది మాట్లాడుకోవాలి. వాళ్లందరికీ గాలిలో వున్న బాట ఒకటే, అదీ యిరుకు. ఒక్కొక్కరూ అరవై నాలుగు వేల మూటలు నెత్తిన పెట్టుకుని బయలుదేరితే ఆ బాట పడుతుందా? మూట తగ్గించుకోవాలి. ఏది దించాలి, ఏది వుంచుకోవాలి అన్నదే ప్రశ్న. ప్రపంచంలో గొప్ప గొప్ప మేధావులు ఎనభై తొంభై యేళ్లుగా కుస్తీ పడుతున్నది దీనితోనే.

గొంతుక ఒక గొట్టం

యిక్కడికి వచ్చేసరికి నాకు ధైర్యం వచ్చింది. ఎందుకంటే మాస్టారు చెప్పబోయింది నేను ఇరవై యేళ్లుగా క్లాసులో చెబుతున్న పాఠమే.

మీ వేలు కంఠం మీద పెట్టుకుని "ఆ" అని సాగదీయండి. వేలికి అదురు తగులుతుంది. యిప్పుడు "స్ స్ స్" అనండి. అదురు లేదు, వుట్టి గాలి. మన శిక్షా గ్రంథాలు, ప్రాతిశాఖ్యాలు రాసిన పెద్దలు యీ తేడాను ఏనాడో పట్టుకున్నారు. కంఠబిలం మూసుకుంటే నాదం, తెరుచుకుంటే శ్వాసం అన్నారు. ఆపైన నాలుక, దవుడ, పెదవులు ఏ స్థానంలో వుంటే ఆ వర్ణం. తెలుగు వ్యాకరణంలో పరుషాలకూ సరళాలకూ వున్న భేదానికి మూలం యీ శ్వాస నాదాలే.

అంటే మాటలో రెండే రెండు సంగతులున్నాయి. ఒకటి కంఠంలో పుట్టే చప్పుడు. అది గుయ్యి మనడమో, బుస్సు మనడమో. రెండోది ఆ చప్పుడును మలిచే గొట్టం. కంఠంనుంచి పెదవులదాకా వున్న దారి. యీ గొట్టం ఆకారం మారడానికి కొంత వ్యవధి కావాలి. నాలుక ఎంత చురుకైనదైనా సెకండుకు వేలసార్లు కదలలేదు. మరి తరంగాన్ని ఎనిమిది వేలసార్లు కొలిచి పంపడం ఎందుకు? గొట్టం ఏ ఆకారంలో వుందో, చప్పుడు ఏ రకమో అప్పుడప్పుడు చెబితే చాలదా?

అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో హోమర్ డడ్లీ అనే ఆయన యీ ప్రశ్న వేసుకున్నాడు. గొంతును విడదీసి చెప్పి, అవతల మళ్లీ కూర్చే యంత్రాన్ని తయారు చేశాడు. దాని పేరు వోకోడర్. దానికి తోబుట్టువైన వోడర్‌ను 1939లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో జనానికి చూపించారు. ఒక అమ్మాయి హార్మోనియం ముందు కూర్చున్నట్టు కూర్చుని మీటలు నొక్కుతుంటే యంత్రం మాట్లాడేది. నాదమా, శ్వాసమా అని మణికట్టు దగ్గర ఒక పట్టీ. స్వరం ఎత్తుపల్లాలకు కాలికింద ఒక పెడలు. స్పర్శాలకు ప్రత్యేకంగా మూడు మీటలు. ఆ అమ్మాయిలకు ఏడాదిపాటు శిక్షణ యిచ్చారు. శ్వాస నాదాలు, స్థానాలు, స్పర్శాలు! మా ఎం.ఏ. క్లాసు పాఠాన్ని అక్కడ మీటల మీద వాయించారన్నమాట.

యుద్ధం వచ్చింది. వోకోడర్ రహస్య సంభాషణలకు పనికివచ్చింది. సిగ్‌సాలీ అనే యంత్రం 1943 జూలై 15న వాషింగ్టన్‌కూ లండన్‌కూ మధ్య మాటలు మోసింది. దాని బరువు యాభై టన్నుల పైమాట. గొంతును అంకెలుగా మార్చి, ఒక గ్రామఫోను రికార్డులోని వుత్త గోలను వాటికి కలిపి పంపేవారు. దారిలో దొంగచాటుగా విన్నవాడికి వినపడేది గోలే. అవతలివారి దగ్గర అచ్చంగా అలాంటి రికార్డే వుండేది. దానితో గోలను తీసివేస్తే మాట మిగిలేది. యీ సంగతిని 1976 దాకా గుట్టుగా వుంచారు. రెండు చివరలా ఒకే రికార్డు వుండడం అనే యీ కిటుకును మరచిపోకండి. దీనితో మనకు ముందుముందు పని వుంది.

పద్యం నడక, బెంగుళూరు లెక్చరరు

వోకోడర్ గొంతు అర్థమయ్యేది గాని మరబొమ్మ గొంతులా వుండేది. పలికింది అన్నయ్యో తమ్ముడో ఆనవాలు పట్టడం కష్టం. గొట్టం ఆకారాన్ని యింకా నికార్సుగా చెప్పే దారి 1960ల నడుమ దొరికింది. జపానులో ఇతాకురా, సైతో అనే యిద్దరు 1966లో ఒక దారిన, అమెరికాలో బిష్ణు అటల్, మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ అనే యిద్దరు 1967లో మరో దారిన దాదాపు ఒకే చోటికి చేరారు.

యీ అటల్ మనవాడే. 1933లో కాన్పూరులో పుట్టి, లక్నోలో చదివి, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చదువుకుని, అక్కడే లెక్చరరుగా పనిచేసి, 1961లో బెల్ లేబొరేటరీస్‌కు వెళ్లాడు. లెక్చరరు అనగానే నాకు కాస్త గర్వం కలిగిన మాట వాస్తవం.

ఆయన పద్ధతి నా భాషలో చెబుతాను. అలవాటు పడ్డ శ్రోతకు ఉత్పలమాల పద్యం ఒక పాదం వినిపించండి. రెండో పాదంలో ఎక్కడ గురువు వస్తుందో, ఎక్కడ లఘువు వస్తుందో అతను కళ్లు మూసుకుని చెబుతాడు. ఏ మాట వస్తుందో మాత్రం చెప్పలేడు. నడక ముందే తెలుస్తుంది, మాటే కొత్త. గొంతు తరంగంలోనూ అంతే. గడిచిన పది కొలతలు తెలిస్తే, ఒక్కొక్క దానిని ఒక్కొక్క గుణకంతో హెచ్చించి కూడితే, రాబోయే కొలత దాదాపుగా తెలిసిపోతుంది. ఆ పది గుణకాలే గొట్టం ఆకారానికి జాతకం. సెకండులో యాభయ్యో వంతు కాలంపాటు ఆ జాతకం పెద్దగా మారదు. ఒక హ్రస్వాక్షరం పలికేలోపల నాలుగైదు జాతకాలు పంపితే చాలు.

యిక మిగిలింది ఏమిటి? జోస్యం తప్పిన మేరకు వచ్చే తేడా. పద్యంలో మాటలాగా కొత్తదనమంతా అందులోనే వుంది. దాన్ని వదిలేస్తే మళ్లీ మరబొమ్మ గొంతే. అలాగే వదిలేసి 1978లో అమెరికాలో పిల్లలకు స్పెల్లింగు నేర్పే మాట్లాడే బొమ్మ ఒకటి చేశారు. బొమ్మకు ఆ గొంతు చెల్లింది. అమ్మ గొంతుకు చెల్లదు కదా? పోనీ తేడా మొత్తం పంపుదామంటే మూట మళ్లీ బరువెక్కుతుంది.

పెళ్లి తంతి కిటుకు

మా నాన్నగారి పెళ్లినాటి తంతులు మా యింట్లో ఒక రేకుపెట్టెలో వున్నాయి. తంతి తపాలావారి దగ్గర శుభాకాంక్షల వాక్యాల జాబితా వుండేదని పెద్దవాళ్లకు గుర్తుండే వుంటుంది. పెళ్లికి ఒకటి, దీపావళికి ఒకటి, పరీక్ష పాసయితే ఒకటి. ఒక్కొక్క దానికీ ఒక నెంబరు. మనం నెంబరు చెబితే తీగమీద పోయేది ఆ నెంబరే. అవతలి తంతి ఆఫీసులోనూ అదే జాబితా వుంటుంది గనుక గుమాస్తా నెంబరు చూసి వాక్యమంతా రాసి యిచ్చేవాడు. 2013 జూలైలో తంతి సర్వీసుతో పాటు యిదీ పోయింది. మాస్టారు నవ్వి, "ఎక్కడికీ పోలేదండీ, మీ జేబులోకి వచ్చి కూర్చుంది" అన్నారు.

ష్రోడర్, అటల్ కలిసి 1985లో ప్రకటించిన పద్ధతి అచ్చంగా యిదే. గొంతులో మిగిలిపోయిన ఆ తేడాకు 1,024 నమూనాలతో ఒక పుస్తకం తయారు చేశారు. ఒక్కొక్క నమూనా సెకండులో రెండువందలవ వంతు కాలానికి సరిపోతుంది. పంపే యంత్రం ఆ పుస్తకంలోని నమూనాలన్నిటినీ గొట్టంలో వూది చూస్తుంది. అసలు గొంతుకు ఏది అందరికన్నా దగ్గరగా వుందో దాని నెంబరు మాత్రం పంపుతుంది. నలభై కొలతలకు బదులు పది బిట్ల నెంబరు! అవతలి యంత్రం దగ్గర అదే పుస్తకం వుంది. నెంబరు చూసి, నమూనా తీసి, తన గొట్టంలో వూదుతుంది. మనకు గొంతు వినిపిస్తుంది.

ఆలోచన బాగుంది గాని వెతకడంలోనే వుంది కష్టం. ఆనాటి మహా కంప్యూటరు క్రే-1 మీద ఒక్క సెకండు మాటను యిలా కట్టడానికి రెండు నిమిషాలకు పైగా పట్టింది. చేతిలో పట్టే ఫోను యీ పని చేయగలదని ఎవరనుకుంటారు? అయితే ఒకవైపు చిప్పులు చురుకయ్యాయి. మరొకవైపు వెతుకులాట సులువు చేసే పుస్తకాలు పుట్టాయి. కెనడాలోని షెర్‌బ్రూక్ విశ్వవిద్యాలయంవారు నమూనాలను దాచనక్కరలేకుండా, కొద్దిపాటి దరువులను ఎక్కడెక్కడ వేయాలో బీజగణితంతో చెప్పే ఉపాయం కనిపెట్టారు. తాళంలో దెబ్బలు పడే చోట్లు చెప్పినట్టన్నమాట. ఆ తరువాత వచ్చిన సెల్‌ఫోను పద్ధతులు చాలామటుకు యీ వంశంలోవే.

మన దేశంలో మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న కలకత్తానుంచి జ్యోతిబసు ఢిల్లీలోని సుఖ్‌రామ్‌తో మాట్లాడడం. ఆ తరం ఫోనుల మొదటి పద్ధతిలో సెకండులో యాభయ్యో వంతు మాటకు 260 బిట్లు ఖర్చయ్యేవి. పాత లెక్కన అయితే 1,280. 1999లో వచ్చిన పద్ధతిలో దారి బాగుంటే 244, దారి పాడైతే తగ్గించుకుంటూ 95 దాకా దిగవచ్చు. వాన పడితే గొడుగు ముడిచి సందులో నడిచినట్టు, ఫోను తనంతట తానే మూట తగ్గించుకుంటుంది. మీరు లిఫ్టులోకి వెళ్లగానే అవతలివారి గొంతు కాస్త బొంగురుపోతే ఆయనకు జలుబు చేసిందని కంగారుపడకండి.

గట్టిమేళం

యింత మూట దించినా మనకు తెలియకపోవడానికి కారణం మన చెవి. పెళ్లిలో ముహూర్తానికి గట్టిమేళం ఎందుకు వాయిస్తారు? ఆ క్షణంలో ఎవరైనా తుమ్మినా, అశుభం మాటాడినా వినిపించకుండా. పెద్ద చప్పుడు పక్కన చిన్న చప్పుడు అణిగిపోతుంది. కోడు తయారు చేసేవారు చేసేదీ యిదే. గొంతును కుదిస్తే ఎంతో కొంత తప్పు దొర్లక తప్పదు. ఆ తప్పును గొంతు గట్టిగా వున్న చోట్లకు నెడతారు. అక్కడ గట్టిమేళం మోగుతూ వుంటుంది గనుక మనకు వినపడదు.

యింకొక చిత్రం. మగవాళ్ల గొంతు మూలస్వరం సెకండుకు నూరు నూటయాభై స్పందనల దగ్గర వుంటుంది. పాత టెలిఫోను 300కు దిగువనున్న వాటిని అసలు మోయదు. అంటే మా నాన్నగారి గొంతులోని ఆ గంభీరమైన మూలస్వరం తీగమీద ఏనాడూ రాలేదు. పై స్వరాలను బట్టి నా చెవే దాన్ని పూరించుకునేది.

పైన 3,400 దాటినవీ పాత ఫోను మోయదు. "స" కారంలో వుండే బుసకు అసలు బలమంతా అంతకు పైనే. అందుకే పేరు చెప్పేటప్పుడు "సీతలో సీ అండీ" అని అరవవలసి వచ్చేది. 2001లో ప్రమాణంగా వచ్చిన విశాలమైన పద్ధతి 50నుంచి 7,000 దాకా మోస్తుంది. ఈనాటి చాలా ఫోనులలో అదే వుంది గనుక ఆ అరుపులు కాస్త తగ్గాయి.

యీ పద్ధతులకు పరీక్ష ఎలా పెడతారనుకున్నారు? మనుషులను కూర్చోబెట్టి, వినిపించి, అయిదుకు మార్కులు వేయమంటారు. అందరి మార్కులకూ సగటు చూస్తారు. ఎన్ని లెక్కలు కట్టినా చివరి తీర్పు చెవిదే.

పారేసినవి

మరి మా అమ్మాయి శ్రుతి ఏమైంది? కోడుకు అందించే ముందే ఫోను చప్పుళ్లను జల్లెడ పడుతుంది. మాట ఎప్పుడూ మారుతూ వుంటుంది. ఫ్యాను, మోటారు, కారు యింజను మారకుండా ఒకే తీరున హోరుమంటాయి. అంచేత మారనిది చెత్త అని ఫోనుకు నేర్పారు. శ్రుతి గొప్పతనమే మారకపోవడంలో వుంది. మొదటి క్షణం వినిపించి, ఆపైన "ఓహో, యిదెవరిదో ఫ్యాను" అని ఫోను దాన్ని తుడిచేసింది. మా అమ్మ విన్నదీ అక్షరాలా అదే. వీడియోలో మాట్లాడుకునే కొన్ని యాప్‌లలో చప్పుడు తీసేయవద్దని చెప్పే అమరిక వుంటుంది. సంగీతం నేర్చుకునే పిల్లలున్న యిళ్లలో ఒకసారి వెతికి చూసుకోండి.

యిప్పుడు యింకో తరం వస్తున్నది. వేలకొద్దీ గంటల మాటలు వినిపించి, పలకడం యంత్రానికే నేర్పుతున్నారు. 2021లో గూగుల్‌వారు తెచ్చిన లైరా అనే పద్ధతికి సెకండుకు 3,000 బిట్లు చాలు. అరవై నాలుగు వేలు మూడు వేలయ్యాయి! కాని వూహించి పూరించే భాగం పెరిగేకొద్దీ ఒక అక్షరానికి బదులు దాని పక్క అక్షరం చక్కటి గొంతుతో పలికే ప్రమాదం వుంది. బొంగురు గొంతైతే మళ్లీ చెప్పమంటాం. చక్కటి గొంతుతో తప్పు పలికితే ఎలా తెలుస్తుంది?

నిశ్శబ్దం ఎవరిది?

చివరగా మాస్టారిని నేను అడగాలా వద్దా అని వారం రోజులు తటపటాయించిన ప్రశ్న ఒకటి వుంది.

నాలుగేళ్ల క్రితం వేసవిలో ఒక రాత్రి మా నాన్నగారు ఫోను చేశారు. ఒంట్లో బాగుండడం లేదు. "పేపర్లు దిద్దడం అయిందా? భోంచేశావా, నాయనా?" అన్నారు. అయిందన్నాను. ఆ తరువాత ఆయన ఏమీ మాట్లాడలేదు. పెట్టెయ్యనూ లేదు. నేనూ పెట్టెయ్యలేదు. అవతల సన్నగా హోరు. ఆయన వూపిరి, ఆ గదిలో పాత ఫ్యాను. ఒక నిమిషం అలా వింటూ కూర్చున్నాను. "సరే, పడుకో" అన్నారు. తెల్లవారుజామున అమ్మ ఫోను చేసింది.

ఆ నిమిషాన్ని నేను దాచుకున్నాను. యిప్పుడీ పాఠాలన్నీ విన్న తరువాత, నేను విన్నదేమిటని సందేహం పట్టుకుంది.

మాస్టారు కాసేపు వూరుకుని, మెల్లగా చెప్పారు. మనిషి మాట్లాడనప్పుడు ఫోను పంపడం దాదాపుగా ఆపేస్తుందట. బ్యాటరీ మిగులుతుంది, గాలిలో బాటా ఖాళీ అవుతుంది. కాని అవతల పూర్తిగా నిశ్శబ్దమైపోతే లైను తెగిందనుకుని జనం "అలో, అలో" అని కేకలు పెడతారు. అందుకని వినేవారి ఫోనే ఒక సన్నని హోరు పుట్టిస్తుంది. దాని పేరు కంఫర్ట్ నాయిస్. అంటే వూరట చప్పుడు.

"అయితే నేను విన్నది నాన్నగారి వూపిరి కాదా?"

"బహుశా కాదండీ. మీ ఫోను చేసిన చప్పుడు."

నాకు మాట రాలేదు. ఆయనే మళ్లీ అన్నారు. "పూర్తిగా కల్పించిందీ కాదు. మాట లేనప్పుడు కూడా అవతలి ఫోను వుండి వుండి ఒక చిన్న చీటీ పంపుతుంది. 'యీ గదిలో చప్పుడు యింత ఎత్తున వుంది, యీ తీరున వుంది' అని. మీ ఫోను ఆ చీటీ చూసే ఆ హోరు చేస్తుంది. మీ నాన్నగారి గదిలో ఫ్యాను లేకపోతే అది అలా వుండేది కాదు."

ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. నిశ్శబ్దం నా ఫోను చేసిందయితే, దానికి ముందు వచ్చిన "నాయనా" కూడా నా ఫోను పలికిందే. గొట్టానికి పది గుణకాలు, పుస్తకంలో కొన్ని నెంబర్లు. అయినా ఆ ఒక్క మాటలో ఆయన అలసట నాకు తెలిసింది. నా సంగతి కనుక్కోవడానికే ఫోను చేశారని తెలిసింది. దారిలో అరవై నాలుగు పాళ్లలో యాభై పాళ్లు పారేసినా నాకు కావలసిన పాలు నాకు చేరింది. ఎక్కడో ప్రయోగశాలల్లో ఏది పారేయవచ్చు, ఏది పారేయకూడదు అని ఏళ్ల తరబడి లెక్కలు కట్టినవారి మీద నాకు కోపం రాలేదు. ఆ నిమిషాన్నీ నేను పారేసుకోలేదు.

యిక తగాదా సంగతి. యిదంతా మా అమ్మకు ఫోనులో విడమరిచి చెప్పాను. ముందు మనుమరాలిని పిలిచి, "నీ తప్పు లేదే, తల్లీ! నేనే తొందరపడ్డాను" అంది. తరువాత నన్నడిగింది.

"అయితే మారనిదాన్ని అది మొయ్యదన్నమాట."

"మొయ్యదు."

"మొయ్యకపోతే పోనీరా! నా దగ్గరా శ్రుతిపెట్టె వుందిగా. దాన్ని అక్కడ అయిదు శ్రుతికి పెట్టుకోమను, నేనూ యిక్కడ అయిదుకే పెట్టుకుంటాను. దాని పాట ఒక్కటీ వస్తే చాలు."

నేను తెల్లబోయాను. రెండు చివరలా ఒకే రికార్డు, రెండు ఆఫీసుల్లోనూ ఒకే జాబితా, రెండు ఫోనుల్లోనూ ఒకే పుస్తకం. యిద్దరి దగ్గరా వున్నదాన్ని మోసుకురానక్కరలేదు. నెల్లాళ్లు మాస్టారి వెంట తిరిగి నేను నేర్చుకున్నది ఆవిడ అరనిమిషంలో తేల్చేసింది.

ఆదివారం పాఠం మళ్లీ సాగుతున్నది. నేను పక్క గదిలో పేపర్లు దిద్దుకుంటున్నాను. మోహన వర్ణం చరణం దాకా వచ్చింది.